నంబరు పక్కన పేరు

పోశం కాకకు అక్షరాలకంటే ముందు అంకెలు వచ్చాయి. అంకెలు బతుకుదెరువు కోసం నేర్చుకున్నాడు. అక్షరాలు మాత్రం ముప్పై ఏడేళ్ల వయసులో ఒక మనిషి దయవల్ల వచ్చాయి. ఆ మనిషినే ఆయన నిలువునా ముంచాడు. అదెలా జరిగిందో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ముంచిన పాపం ఆయన ఒక్కడిదే అయితే ఈపాటికి చెప్పేసేదాన్ని. అందులో నా చెయ్యీ ఉంది.

పోశం కాకది మంథని దగ్గర ఒక పల్లె. ఇరవై ఏళ్లప్పుడు గోదావరిఖని వచ్చి బొగ్గు బాయిలో చేరాడు. ఎనిమిదేళ్లకు పట్టాల మీద బొగ్గు మోసే టబ్బు కింద పడి ఎడమ పాదం నుజ్జయింది. కంపెనీ ఆయన్ను పైకి తెచ్చి ల్యాంపు రూంలో కూర్చోబెట్టింది. బాయిలోకి దిగే ప్రతి మనిషీ కిటికీ దగ్గర తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి, అదే నంబరున్న టోపీ దీపం తీసుకుంటాడు. షిఫ్టు దిగాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. అందరూ వెళ్లిపోయాక దీపం లేని కొక్కెం ఒకటి మిగిలిందంటే ఆ నంబరు మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. ఆ కొక్కేలు చూసుకోవడమే పోశం కాక పని. చదువు లేకపోయినా నడిచింది. అంకెలు గుర్తుపడితే చాలు.

ఇరవై ఒక్క ఏళ్లు అదే పని చెయ్యడంతో ఆయనకు మనుషులు నంబర్లయిపోయారు. కూరగాయల మార్కెట్లో ఎవరైనా ఎదురుపడితే, “ఏంది తొమ్మిది వందల పన్నెండూ, దవాఖానకు పోయినవా లేదా?” అని అరిచేవాడు. మా నాయిన నంబరు ఆరు వందల నలభై నాలుగు. అందుకని పుట్టినప్పటి నుంచీ ఆయన నన్ను జమునా అని పిలిచిన పాపాన పోలేదు. “ఆరు వందల నలభై నాలుగు బిడ్డా, ఇటు రా” అనేవాడు. నా పెళ్లిలో అక్షింతలు వేస్తూ కూడా అదే పిలుపు. మా అత్తగారి వైపు వాళ్లు నా మొహం చూశారు.

నవ్వులాటకు చెప్తున్నాను కానీ ఆ నంబర్ల వెనక పెద్ద భయం ఉంది. ఎనభై రెండులో ఒకరోజు బాయిలో పైకప్పు కూలింది. కొక్కెం ప్రకారం లోపల చిక్కింది మూడు వందల పద్దెనిమిది. వాళ్లింటికి కబురు పోయింది, ఏడుపులు మొదలయ్యాయి. తీరా చూస్తే ముందు షిఫ్టులో కూర్చున్న మనిషి రెండు దీపాలు తారుమారు చేశాడు. పోయింది వేరొకరు. ఆ వేరొకరి భార్య అన్నం వండి, మూడు గంటల పాటు మొగుడి కోసం గుమ్మంలో కూర్చుని, పక్క వాడకట్టులో ఏడుపులు విని అయ్యో పాపం అనుకుంది. ఆమెకు అసలు కబురు చెప్పడానికి వెళ్లింది పోశం కాకే. “నంబరు తప్పితే శవం ఇల్లు తప్పుతది బిడ్డా” అని నాకు వందసార్లు చెప్పి ఉంటాడు. అప్పటి నుంచి నంబరు విషయంలో ఎవరి మాటా వినేవాడు కాదు.

ఎనభై ఎనిమిదిలో కార్మికులు తలా కొంత వేసుకుని, మా కాలనీ చివర రెండు గదుల్లో లైబ్రరీ పెట్టారు. ఫస్టు షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చినవాళ్లు అక్కడ బెంచీల మీద కూర్చుంటే, ఒకాయన పేపరు పైకి చదివి వినిపించేవాడు. అలా వినడానికి పోయిన పోశం కాకకు ఆ చదివే మనిషి పేపర్లోని పెద్దక్షరాలు చూపించి అ, ఆ నేర్పాడు. ఏడాదిన్నరలో చదవడం వచ్చింది. అప్పటి నుంచి పోశం కాక ఆయన్ను లైబ్రరీలో సార్ అని పిలిచేవాడు. బొగ్గు తట్టలు మోసే మనిషిని సార్ అన్నవాళ్లు కాలనీ మొత్తంలో ఆయనొక్కడే.

ఆ సారుకు రెండు పేర్లున్నాయి.

బాయిలో ఆయన ముత్యం. నంబరు పదకొండు వందల ఇరవై ఏడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు మాత్రం సదయ్య. డెబ్బై ఎనిమిదిలో ఉద్యోగం కాయితం వచ్చింది ఆయన పెద్దనాయిన కొడుకు ముత్యానికి. ముత్యం నాలుగు రోజులు బాయిలో దిగాడు. నాలుగోరోజు పక్కన పనిచేస్తున్న మనిషి మీద బండ పడింది. ఐదోరోజు ఊరికి పారిపోయాడు. చస్తే మళ్లీ దిగనన్నాడు. పదో తరగతి పాసై ఖాళీగా తిరుగుతున్న సదయ్య ఆ కాయితం పట్టుకుని, ముత్యం పేరుమీద దిగాడు. అప్పట్లో ఇలా దిగినవాళ్లు ఆయన ఒక్కడే కాదు. కాలనీలో ప్రతి వరుసలోనూ ఒకరిద్దరు ఉండేవారు. మారుపేరు మనుషులు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. బయటపడితే ఉద్యోగం ఊడుతుంది.

ముప్పై ఏళ్లు ఆ పేరు మొయ్యాలంటే మాటలు కాదు. జీతం కాయితం మీద ముత్యం, ఓటరు లిస్టులో ముత్యం, పిల్లల బళ్లో తండ్రి పేరు ముత్యం. భార్య లింగవ్వ దవాఖానలో చీటీ రాయించుకునేటప్పుడు ముత్యం భార్యనని చెప్పుకోవాలి. నేనూ ఆయన్ను ముత్యం కాకా అనే పిలిచేదాన్ని. ఆఖరికి రిటైర్మెంటు కూడా ముత్యం వయసు ప్రకారమే. “వాడు నాకంటె ఐదేండ్లు పెద్ద. గందుకే నేను జల్ది దిగిపోత” అని నవ్వేవాడు.

లైబ్రరీ సభ్యుల రిజిస్టరు మొదలుపెట్టినప్పుడు మొదటి పేజీ రాసింది కొత్తగా అక్షరాలు వచ్చిన పోశం కాక. తన పేరు రాసుకుని, రెండో వరుసలో కలం పెట్టి తలెత్తాడట.

“ముత్యం అని రాయాల్నా సార్?”

“సదయ్య అని రాయి పోశన్నా. గీ ఒక్క బుక్కుల నా పేరు నన్ను రాసుకోనియ్యి.”

అలా రాశాడు. ఆ రిజిస్టర్లో పేరు, తీసుకున్న పుస్తకం, తేదీ. అంతే. నంబరు కాలమ్ లేదు, దానితో అక్కడ పనీ లేదు. నంబరు పోశం కాక తలలో ఉండేది, పేరు రిజిస్టర్లో ఉండేది. ఇరవై ఏళ్లు ఆ రెండూ ఒకదాన్నొకటి చూసుకోలేదు.

రెండు వేల ఒకటిలో పోశం కాక ముందే రిటైర్మెంటు తీసుకుని లైబ్రరీలోనే పూర్తిగా కూర్చున్నాడు. రెండు వేల ఎనిమిదిలో ఎవరో దాత నాలుగు కంప్యూటర్లు ఇచ్చాడు. లైబ్రరీ కమిటీ ‘ఇ-లైబ్రరీ’ అని బ్యానరు రాయించింది. నేనప్పటికి లక్ష్మీనగర్‌లో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను, కంప్యూటర్ కోర్సు చేసి ఉన్నాను. సభ్యుల వివరాలు, పుస్తకాలు ఎక్కించే ప్రోగ్రాం తయారుచేసే పని నాకు అప్పజెప్పారు. మా సభ్యుల్లో రాజం అనే పేరున్నవాళ్లే ఇరవై ఆరుగురు. ఏ రాజం ఏ పుస్తకం పట్టుకుపోయాడో తేలాలంటే పేరొక్కటీ చాలదు. అందుకని ప్రోగ్రాంలో కంపెనీ నంబరు గడి పెట్టాను. అది నింపకపోతే పేరు సేవ్ కాకుండా కట్టుదిట్టం చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

యాభై ఏడేళ్ల పోశం కాక మౌసు పట్టుకుంటే చూడాలి. బల్ల మీద జరిపేది పోయి గాల్లోకి ఎత్తేవాడు. తిట్టాను, నవ్వాను, చెయ్యి పట్టి నేర్పాను. నెల తిరిగేసరికి ఒంటి వేలితో టకటకా కొట్టడం వచ్చింది. రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కో పేరూ చదవడం, కళ్లు మూసుకోవడం, నంబరు కొట్టడం. ఒక్క నంబరు కోసం కూడా లేచి ఎవర్నీ అడగలేదు. ఏడు నెలల్లో పదకొండు వందల నలభై మందిని, వాళ్లు తీసుకున్న పుస్తకాలతో సహా ఎక్కించాడు.

ఎక్కించడం మొదలుపెట్టిన రోజే రెండో వరుసలో సదయ్య పేరు వచ్చింది, నేను పక్కనే ఉన్నాను. తెర మీద సదయ్య అని కొట్టి, నంబరు గడిలో పదకొండు వందల ఇరవై ఏడు కొట్టాడు.

“కాకా, గీ నంబరు ముత్యం కాకది గదా?” అన్నాను.

“అవు.”

“మల్ల సదయ్య అని కొట్టినవేంది?”

“లైబ్రరీల గాయన సదయ్యనే బిడ్డా. ఇరవై ఏండ్ల సంది గంతే.”

“కంపెనోళ్లు చూస్తే?”

“లైబ్రరీ కంప్యూటర్ కంపెనోళ్లు ఎందుకు చూస్తరు? నీ ప్రోగ్రామే నంబరు లేంది పేరు తీసుకుంటలేదాయె. అబద్ధం నంబరు ఎట్ల కొడ్త?”

ఏదైనా సున్నా పెట్టు కాకా అని అనొచ్చు. నంబరు లేకపోయినా సేవ్ అయ్యేలా ప్రోగ్రాం మార్చొచ్చు. సెంటర్లో కస్టమర్లు కూర్చున్నారన్న తొందరలో ఉన్నాను. సరేలే అన్నాను. పోశం కాక ఎంటర్ నొక్కాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ నంబరూ ఆ పేరూ ఒకే వరుసలోకి వచ్చాయి.

ప్రారంభోత్సవానికి నాలుగు రోజుల ముందు, ఈ కంప్యూటర్ ఏమేం చెప్పగలదో కాకకు చూపించాను. ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్ల లిస్టు తీశాను. మొదటి వరుసలో సదయ్య, ఆరు వందల పన్నెండు పుస్తకాలు. పోశం కాక కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. “సారే! ఫస్టు సారే!” అని కుర్చీలోంచి లేచాడు. ఉన్నపళంగా కమిటీ దగ్గరికి కుంటుకుంటూ పోయి, స్టేజీ మీద ఆయనకు శాలువా కప్పాల్సిందేనని పట్టుబట్టాడు. వాళ్లూ బాగుందన్నారు. అంతా కంప్యూటర్లో ఎక్కింది కదా, ఇంకెందుకని పాత రిజిస్టర్లను మూటగట్టి పాత కాయితాలవాడికి వేశారు. మూట కట్టింది కూడా పోశం కాకే. అంత సంతోషంలో ఉన్నాడు.

రెండు వేల తొమ్మిది జనవరిలో సభ జరిగింది. ముఖ్య అతిథి కామేశ్వరరావు గారని, కోస్తా నుంచి వచ్చిన కంపెనీ ఆఫీసరు, పుస్తకాల పిచ్చి ఉన్న మంచి మనిషి. మైకులో పేరు పిలిచింది పోశం కాక. “ఆరు వందల పన్నెండు బుక్కులు సదివిన మన సదయ్య సారు స్టేజీ మీదికి రావాలె!”

నేను వెనక వరుసలో లింగవ్వ పక్కన ఉన్నాను. ముత్యం కాక లేవలేదు. తల దించుకుని చేతులు చూసుకున్నాడు. లింగవ్వ ఆయన మోచెయ్యి పట్టుకుని “పోకయ్యా” అంది మెల్లగా. పోశం కాక మళ్లీ పిలిచాడు. ఈసారి ఆయన చెయ్యి విడిపించుకుని లేచాడు. నడవలేదు, ఉరికాడు. యాభై నాలుగేళ్ల మనిషి, మోకాళ్లు అరిగిన మనిషి, బడిపిల్లాడిలా కుర్చీల మధ్య నుంచి ఉరికాడు. కామేశ్వరరావు గారు శాలువా కప్పారు, ఫొటో తీశారు. నాకు ఏడుపొచ్చింది. లింగవ్వ కూడా ఏడ్చింది. ఆమె ఎందుకు ఏడ్చిందో అప్పుడు నాకు తట్టలేదు.

పది రోజుల తర్వాత కామేశ్వరరావు గారు లైబ్రరీకి వచ్చారు. లిస్టు ప్రింటు ఆయన చేతిలో ఉంది. నేను పక్క కంప్యూటర్ దగ్గరున్నాను.

“పోశం గారూ, ఇంతగా చదివే కార్మికుడంటే ముచ్చటేసిందండీ. సర్వీసు ఫైల్లో ఉండేలా ప్రశంసా పత్రం ఇప్పిద్దామని ఆఫీసుకు నంబరు పంపాను. ఈ నంబరుకి వాళ్ల దగ్గర వేరే పేరుంది. మీరెక్కడో నంబరు పొరపాటు కొట్టినట్టున్నారు. ఒకసారి చూసి చెప్పండి.”

తనకు తెలియకుండానే ఆయన మాకు దారి చూపించారు. అవును సార్, తప్పు కొట్టిన అంటే అక్కడితో అయిపోయేది. నేను నోరు తెరిచేలోపే పోశం కాక అందుకున్నాడు.

“నంబరు తప్పా? నా నంబరు తప్పు పోదు సార్. ఇరవై ఒక్క ఏండ్లు ల్యాంపు రూంల చేసిన. నంబరు తప్పితే శవం ఇల్లు తప్పుతది. పదకొండు వందల ఇరవై ఏడు, గిదే మనిషి. నా చేతుల మీద దీపం తీస్కపోయిండు, ఎన్ని వేల సార్లో…”

అక్కడ ఆగిపోయాడు. తను ఏమన్నాడో తన చెవికి అప్పుడు ఎక్కింది. కామేశ్వరరావు గారి మొహం కూడా మారింది. కాయితం మడిచి జేబులో పెట్టుకుని, “నేను అడక్కుండా ఉండాల్సింది. పేర్లు కలవలేదని ఆఫీసులో ఇప్పటికే రాసుకున్నారండీ” అని వెళ్లిపోయారు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదని తర్వాత తెలిసింది. ఆయన చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఎంక్వైరీ మార్చిలో పెట్టారు. కంప్యూటర్ లిస్టు తెమ్మన్నారు కాబట్టి నేనూ పోవాల్సి వచ్చింది. పోశం కాక రాత్రంతా నిద్రపోలేదట. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, జీవితంలో మొదటిసారి నంబరు గురించి అబద్ధం చెప్పాడు.

“తప్పు కొట్టిన సార్. పెద్దోన్నయిన, కండ్లు కనవడ్తలేవు.”

ఎంక్వైరీ ఆఫీసరు లిస్టులోంచి ఒక పేరు చదివి తన దగ్గరి నంబరుతో పోల్చాడు. సరిపోయింది. ఇంకోటి చదివాడు, సరిపోయింది. అలా పది చూశాడు. “పదకొండు వందల నలభై మందిలో ఈ ఒక్కటే తప్పు కొట్టావా?” అన్నాడు. తర్వాత శాలువా ఫొటో బల్ల మీద పెట్టాడు. “ఇందులో ఉన్నది ఎవరు?”

మూల కుర్చీలో కూర్చున్న ముత్యం కాకే లేచి నిలబడ్డాడు.

“నేనే సార్. సదయ్యను.”

రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుండగా ఉద్యోగం పోయింది. ముప్పై ఏళ్లు మోసిన బొగ్గు ఎవరి లెక్కలోకీ రాలేదు. ముత్యం పనిచెయ్యలేదు కాబట్టి పింఛను ముత్యానిది కాదు. సదయ్య అనే మనిషి కంపెనీలో ఎన్నడూ చేరలేదు కాబట్టి ఆయనదీ కాదు. క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. ఊరికి పోయేరోజు ఆయన చేతిలో ఉన్న పుస్తకం తిరిగి ఇవ్వడానికి లైబ్రరీకి వచ్చాడు. లింగవ్వ బయట ట్రంకుపెట్టె మీద కూర్చుంది, లోపలికి రాలేదు. పోశం కాక ఆయన కాళ్ల మీద పడబోయాడు.

“నన్ను కొట్టు సార్. నీ బతుకు ఆగం చేసిన.”

“లే పోశన్నా. నువ్వు పిలిచినవ్, నేను ఉరికిన. లింగవ్వ పోవద్దనే అన్నది.” ఆయన కాసేపు దగ్గాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “బిడ్డా, కంప్యూటర్ల నంబరు తీసెయ్యి. నా పేరు మాత్రం ఉండనియ్యి. ఆరు వందల పన్నెండు బుక్కులు సదివిన గదా.”

“నంబరు లేకుంటే ప్రోగ్రాం తీసుకోదు కాకా. తర్వాత చూస్త” అన్నాను.

అప్పటికే కమిటీవాళ్లు భయపడి ఆ నంబరు కనబడకూడదని నాకు చెప్పి ఉన్నారు. ఆ సాయంత్రమే మొత్తం వరుసను కనబడకుండా చేశాను. పాత రిజిస్టరు ఎప్పుడో పోయింది. తర్వాత చూస్తానన్నది చూడలేదు. మరిచిపోయానని చెప్పలేను, గుర్తొచ్చినప్పుడల్లా పక్కకు నెట్టాను.

రెండు వేల పదకొండులో సకల జనుల సమ్మె నడుస్తుండగా సదయ్య కాక ఊపిరితిత్తులు చెడి ఊళ్లో చనిపోయాడు. బస్సులు లేవు. పోశం కాక ఆ పాదంతో కొంత నడిచి, కొంత ఎవరి బండో పట్టుకుని మూడోరోజుకు చేరాడు. అప్పటికి చితి చల్లారింది. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే లైబ్రరీకి వచ్చి నన్ను పిలిపించాడు.

“సారు పేరు మల్ల పెట్టు బిడ్డా. నంబరు వద్దు. ఉట్టి పేరు. ఎన్ని రోజులైనా కూసోని చెయ్యి, నేను ఈడనే ఉంట.”

ఎదురుగా కుర్చీ వేసుకుని, కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సద్ది కూడా కట్టుకుని వచ్చాడు. నేను ప్రోగ్రాం తెరిచి, నంబరు గడి తప్పనిసరి అన్నచోట టిక్కు తీసేశాను. దాచిన వరుసను బయటికి తెచ్చి, నంబరు చెరిపి, సేవ్ నొక్కాను. తెర మీద సదయ్య అని వచ్చింది, పక్కన ఖాళీ గడి, దాని పక్కన ఆరు వందల పన్నెండు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

పోశం కాక తెర వంక చూశాడు, తర్వాత గోడ గడియారం వంక చూశాడు.

“గింతేనా?”

“గింతే కాకా.”

“గిది నీకు ముందుగాల తెల్వదా?”

“తెల్సు.”

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన సద్ది మూట తీసుకుని, కర్ర పట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మూడేళ్లు బతికాడు. రాష్ట్రం వచ్చిన ఏడాది పోయాడు. లైబ్రరీలో మళ్లీ అడుగుపెట్టలేదు. మార్కెట్లో కనబడితే మాత్రం ఆగి, “జమునా, మంచిగున్నవా?” అని అడిగేవాడు. ఆరు వందల నలభై నాలుగు బిడ్డా అని ఆయన నోట మళ్లీ వినలేదు. నన్నే కాదు, ఆ కాలనీలో ఎవర్నీ ఆయన మళ్లీ నంబరుతో పిలవలేదు.